బుల్లితెర మీద మోగిన సైరన్

యాభై ఏళ్ల కిందట ఒక టీవీ సీరియల్ చూసిన అమెరికా పిల్లలు పెరిగి పెద్దయి పారామెడిక్‌లయ్యారు, ఫైర్‌మెన్లయ్యారు. అందులో కనిపించే ఫైర్ స్టేషన్ ఒక రేవు నగరం పక్కన, రిఫైనరీల మధ్య ఉంది. రేవు, రిఫైనరీ, ఉక్కు మూడూ ఉన్న విశాఖపట్నానికి ఆ కథతో చాలా పనుంది.

ఏ రాత్రయినా గాజువాక జంక్షన్లో కనబడే దృశ్యమే ఇది. తొమ్మిదిన్నర దాటింది. ఉక్కు కర్మాగారం సి షిఫ్టు కార్మికుల బస్సులు కూర్మన్నపాలెం వైపు పోతున్నాయి. ఇనుప ఊచల చుట్టలు వేసుకున్న ట్రైలర్లు హైవే మీద బారులు తీరాయి. వాటిలో ఒకదాన్ని దాటబోయిన బైకు జారింది. కుర్రాడు డివైడర్ పక్కన పడి ఉన్నాడు. నిమిషంలో గుంపు చేరింది. ఒకాయన భుజాలు పట్టి లేపబోతున్నాడు. ఇంకొకాయన నీళ్ల సీసా మూత తీశాడు. అంతలో కుయ్ కుయ్‌మంటూ 108 అంబులెన్స్ వచ్చి ఆగింది.

"లేపకండి బాబూ, మెడ కదపకండి. నీళ్లు వద్దండీ."

దిగినవాడికి పాతికేళ్లుంటాయి. రోడ్డు మీదే మోకాళ్లూనాడు. రెండు అరచేతులూ కుర్రాడి చెవుల పక్కగా ఆనించి తల కదలకుండా పట్టుకున్నాడు. ఆ పట్టు వదలకుండానే పేరడిగాడు, కాలివేళ్లు కదపమన్నాడు. పైలట్ కాలర్ తెచ్చి మెడకి బిగించాడు. 108 బండి నడిపేవాణ్ని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. ఇందాక నీళ్ల సీసా పట్టుకున్నాయన్నే సాయానికి పిలిచి, ఒకటీ రెండూ మూడూ అంటూ అందరూ ఒక్కసారిగా కుర్రాణ్ని పక్కకి దొర్లించి, కింద బోర్డు జరిపారు. వేలికి పల్స్ ఆక్సీమీటర్, ముఖానికి ఆక్సిజన్. తలుపు పడింది. బండి పెద్దాసుపత్రి కేజీహెచ్ దారి పట్టింది.

ఇలాంటి గుంపులో నాన్న చెయ్యి పట్టుకుని చూసే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. మర్నాడు బడిలో పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే డాక్టరంటాడు, ఇంజనీరంటాడు, పోలీసంటాడు. విశాఖ పిల్లవాడు కాబట్టి నేవీ అని కూడా అంటాడు. "ఆ బండిలోంచి దిగిన అన్నలా అవుతాను" అనడు. ఆ అన్న చేసేది ఒక ఉద్యోగమనీ, దానికొక పేరుందనీ, అందుకు చదవాల్సిన చదువు ఉందనీ వాడికి ఎవరూ చూపించలేదు.

చూపిస్తే ఏమవుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. నేవీ డే విన్యాసాల వేళ ఆర్కే బీచ్ జనంతో నిండిపోతుంది. హెలికాప్టర్లు తాళ్లు వదులుతుంటే, మెరైన్ కమాండోలు ఒడ్డుకి దూసుకొస్తుంటే పిల్లలు నాన్నల భుజాలెక్కి చూస్తారు. ఒడ్డున మ్యూజియంగా నిలిచిన కుర్సుర జలాంతర్గామిలో తలలు వంచుకుని నడుస్తారు. తూర్పు నౌకాదళం ఈ నగరంలో ఎందరు పిల్లల కలల్లోకి వచ్చిందో లెక్క తీయనక్కర్లేదు, ఏ వీధిలో అడిగినా చెబుతారు. కంటికి కనబడిన పని మీదే పిల్లల మనసు పోతుంది. ప్రాణాలు కాపాడే మిగతా ఉద్యోగాల విషయంలో ఆ చూపించే పనిని అమెరికాలో ఒక టీవీ సీరియల్ చేసింది.

స్టేషన్ 51 కథ

1972 జనవరిలో ఎన్బీసీ చానెల్లో 'ఎమర్జెన్సీ!' మొదలైంది. నిర్మాణం జాక్ వెబ్ సంస్థది. రూపకల్పన రాబర్ట్ సినాడర్, హెరాల్డ్ జాక్ బ్లూమ్‌లది. లాస్ ఏంజెలెస్ కౌంటీ అగ్నిమాపక శాఖలో, స్టేషన్ 51లో పనిచేసే ఇద్దరు పారామెడిక్‌లు అందులో కథానాయకులు. జానీ గేజ్‌గా రాండాల్ఫ్ మాంటూత్, రాయ్ డిసోటోగా కెవిన్ టై నటించారు. ప్రతి శనివారం రాత్రి ఒక గంట. బెల్లు మోగుతుంది, ఎర్ర బండి బయల్దేరుతుంది, ఎవరో ఒకరి ప్రాణం ప్రమాదంలో ఉంటుంది. తుపాకులు పేల్చే వీరులు కాదు వాళ్లు. చేతిలో ఉండేది మందుల పెట్టె.

ఇంకో పెట్టె కూడా ఉండేది. దాని పేరు బయోఫోన్. రోగి పక్కన దాన్ని తెరిచి, లోపలి రిసీవర్ తీసి చెవికి పెట్టుకుంటే అవతల ఆసుపత్రిలో డాక్టరు పలికేవాడు. నాడి ఎంత, బీపీ ఎంత, కనుపాపలు ఎలా ఉన్నాయో గేజ్ ఒక్కొక్కటీ చెబుతాడు. గుండె గీతలు రేడియో మీద ఆసుపత్రికి చేరతాయి. సెలైన్ పెట్టమని డాక్టరు చెబుతాడు. చెప్పిందాన్ని గేజ్ మళ్లీ ఒకసారి అప్పజెప్పి, అప్పుడు సూది గుచ్చుతాడు. ఇలా ప్రతి వారం చూసేసరికి ఇంట్లో కార్పెట్ మీద కూర్చున్న పదేళ్ల పిల్లలకి ఆ వరస నోటికొచ్చేసింది. ముందు ఊపిరి, తర్వాత నాడి, ఆ తర్వాత మిగతావి. 1973లో పిల్లల కోసం దీన్ని కార్టూన్ రూపంలో కూడా తీశారు.

ఆ పిల్లలే పెద్దయ్యాక పారామెడిక్ కోర్సుల్లో చేరారు. అమెరికాలో ఒక తరం పారామెడిక్‌లని ఈ వృత్తిలోకి ఎలా వచ్చారని అడిగితే గేజ్, డిసోటో పేర్లు చెప్పేవాళ్లు కోకొల్లలు. మాంటూత్ వృద్ధాప్యంలో కూడా అత్యవసర వైద్య సిబ్బంది సభలకి వెళ్లి మాట్లాడుతూ వచ్చారు. సీరియల్లో వాడిన హెల్మెట్లు, కోట్లు, బయోఫోన్ 2000లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరాయి.

శవాల బండే అంబులెన్స్

ఆ సీరియల్ రాకముందు అమెరికాలో పరిస్థితి తెలిస్తేనే అది చేసిన పని విలువ తెలుస్తుంది. 1966లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక నివేదిక ఇచ్చింది. 1965 ఒక్క ఏడాదిలో ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని అందులో ఉంది. దేశంలో దాదాపు సగం అంబులెన్స్ సేవలు అంత్యక్రియలు చేసే సంస్థల చేతుల్లో ఉండేవి. పడుకోబెట్టి తీసుకెళ్లే పొడవాటి బండి వాళ్ల దగ్గరే ఉండటం దానికి కారణం. బతికున్నవాడినీ పోయినవాడినీ ఒకే బండి మోసేది. దారిలో ప్రాణం నిలబెట్టే చదువు ఆ బండిలో ఎవరికీ లేదు.

మార్పుకి బీజాలు వేర్వేరు చోట్ల పడ్డాయి. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టరు గుండెకి కరెంటు షాకిచ్చే యంత్రాన్ని బండిలో పెట్టి రోగి ఇంటికే పంపాడు. 1967లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ మొదలైంది. పీటర్ సేఫర్ అనే డాక్టరు పనుల్లేని నల్లజాతి యువకులకి శిక్షణ ఇచ్చి అమెరికాలోనే తొలి పారామెడిక్‌లలో కొందరిగా నిలబెట్టాడు. వాళ్ల కథ అప్పట్లో టీవీ తెర మీదికి రాలేదు, దశాబ్దాల పాటు వాళ్ల పేర్లు మరుగున పడిపోయాయి. ఎంత గొప్ప పని చేసినా తెర మీద లేకపోతే ఏమవుతుందో వాళ్లని చూసి తెలుసుకోవచ్చు.

లాస్ ఏంజెలెస్‌లో 1969లో హార్బర్ జనరల్ ఆసుపత్రి డాక్టరు మైకేల్ క్రైలీ ఫైర్‌మెన్లకి శిక్షణ మొదలుపెట్టాడు. సూది వేయాలన్నా షాకివ్వాలన్నా పక్కన నర్సు ఉండాలనేది అప్పటి చట్టం. 1970లో వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టం వచ్చాక, రేడియోలో డాక్టరు చెబితే పారామెడిక్ సొంతంగా చికిత్స చేసే వీలు కలిగింది. సీరియల్ మొదటి కథ ఆ చట్టం పేరుతోనే, ఆ చట్టం గురించే తీశారు. చట్టాన్ని మొదట వ్యతిరేకించిన డాక్టరు చివరికి దాని తరఫున సాక్ష్యం చెప్పడం అందులో ఇతివృత్తం. సీరియల్ మొదలైన నాటికి ఉత్తర అమెరికా మొత్తంలో పారామెడిక్ బృందాలు పన్నెండే అని చెబుతారు. పదేళ్లు తిరిగేసరికి అమెరికన్లలో సగం మందికి పది నిమిషాల దూరంలో ఒక బృందం ఉందన్నది అక్కడ తరచూ వినిపించే లెక్క. ప్రభుత్వాల నిధులు, డాక్టర్ల పట్టుదల లేకుండా అది జరగదు. కానీ "టీవీలో ఉందే, మా ఊళ్లో ఎందుకు లేదు" అని జనం అడిగేలా చేసింది మాత్రం ఆ శనివారం రాత్రి గంటే.

అబద్ధం లేని కథ

పిల్లలు దాన్ని అంతగా నమ్మడానికి కారణం ఉంది. నిర్మాత సినాడర్ ఒక షరతు పెట్టుకున్నాడు. తెర మీద చూపే ప్రతి ప్రమాదమూ ఎక్కడో ఒక ఫైర్ స్టేషన్ లాగ్ బుక్కులో నమోదై ఉండాలి. అగ్నిమాపక శాఖ నుంచి జేమ్స్ పేజ్ సాంకేతిక సలహాదారుగా పనిచేశారు. హీరోలిద్దరూ పారామెడిక్ శిక్షణ తరగతుల్లో కూర్చున్నారు. ఫైరింజన్ నడిపే పాత్ర వేసిన మైక్ స్టోకర్ నటుడు కాదు, అదే శాఖలో పనిచేసే ఫైర్‌మన్. తన పేరుతోనే తెర మీద కనబడ్డాడు. బెల్లు మోగాక చిరునామా చదివే గొంతు కూడా నిజమైన డిస్పాచర్ శామ్ లానియర్‌దే.

స్టేషన్ 51గా బయటి నుంచి కనిపించే భవనం కార్సన్ అనే ఊళ్లోని స్టేషన్ 127. లాస్ ఏంజెలెస్ రేవు దగ్గర్లోనే ఉంది, చుట్టూ చమురు శుద్ధి కర్మాగారాలు, ట్యాంకులు. సినాడర్ పోయాక ఆ స్టేషన్‌కి ఆయన పేరే పెట్టారు. విశాఖలో రిఫైనరీ పక్కనున్న మల్కాపురం, శ్రీహరిపురం వాళ్లకి ఆ పరిసరాలు కొత్తగా అనిపించవు. గోడకి అవతల ట్యాంకులు, ఇవతల ఇళ్లు.

మన తెర మీద ఏముంది?

మనకీ ఒక అనుభవం ఉంది. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' వచ్చింది. కవితా చౌదరి తనే రాసి, తనే దర్శకత్వం వహించి, కల్యాణీ సింగ్ పాత్ర వేశారు. ఆమె అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితమే దానికి ఆధారం. దేశంలో రెండో మహిళా ఐపీఎస్ అధికారి కాంచన్. 2004లో ఉత్తరాఖండ్‌లో దేశంలోనే తొలి మహిళా డీజీపీ అయ్యారు. పరీక్షకి చదివే రాత్రులు, శిక్షణలో పడే పాట్లు, యూనిఫాం వేసుకున్న మొదటి రోజు, అన్నీ ఒక అమ్మాయి కళ్లలోంచి చూపించింది ఆ సీరియల్. హిందీ అర్థం కాని ఇళ్లలో కూడా ఆ అమ్మాయి నడక అర్థమైంది. మరుసటేడు మన దగ్గర 'కర్తవ్యం' సినిమా వచ్చింది. విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చింది. ఖాకీ చొక్కా వేసుకోవచ్చునన్న ఊహ తెలుగు ఆడపిల్లల్లోకి ఈ రెండు దార్లలో వచ్చింది.

పోలీసుకి కల్యాణీ సింగ్ ఉంది. మరి ఫైర్‌మన్‌కి? 108లో వచ్చే ఈఎంటీకి, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌కి? మన సీరియళ్లలో అంబులెన్స్ రాని వారం ఉండదు. సైరన్ వినిపిస్తుంది, స్ట్రెచర్ పరుగెడుతుంది, ఆపరేషన్ థియేటర్ ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ మధ్యలో బండి లోపల ఊపిరి నిలబెట్టినవాడి మీదికి కెమెరా పోదు.

రోడ్డు ఆగిన చోట

తీయడానికి మన దగ్గర కథ లేక కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. అప్పటిదాకా మనవాళ్లకి అంబులెన్స్ అంటే ఆటో, ట్రాక్టరు, మంచం. సెన్స్, రీచ్, కేర్ అనే మూడు మాటలు ఆ సేవకి పునాది. ఫోన్ ఎత్తి ఆపద గ్రహించేవాళ్లు ఒకరు, బండి చేర్చే పైలట్ ఒకరు, దారి పొడవునా చూసుకునే ఈఎంటీ ఒకరు. 2007లో ఈ సేవ నడిపే సంస్థతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాక్టర్లు కలిశారు. పారామెడిక్‌ల కోసం రెండేళ్ల కోర్సు తయారుచేసి ఇక్కడివాళ్లకి నేర్పారు. గేజ్, డిసోటో తిరిగిన కాలిఫోర్నియా నుంచే ఆ విద్య తెలుగు నేలకి వచ్చింది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు కలిపి 1,088 ఒకేసారి బారులు తీరి కదిలిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

విశాఖ నుంచి ఘాట్ ఎక్కి పాడేరు వైపు వెళ్తే ఈ ఉద్యోగం మరో రూపంలో కనబడుతుంది. కొండ మీది ఊరికి రోడ్డు లేదు. నిండు గర్భిణిని డోలీ కట్టి తెస్తారు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, ఇద్దరు ముందూ వెనకా మోస్తూ, అలిసినప్పుడు భుజం మార్చుకుంటూ గెడ్డలు దాటుకుని దిగుతారు. రోడ్డు ఆగిపోయిన చోట 108 నిలబడి ఉంటుంది. కొన్నిసార్లు ఈఎంటీ నిలబడి ఉండడు, కిట్టు భుజాన వేసుకుని ఎదురు నడుస్తాడు. కొన్ని కాన్పులు బండి దాకా ఆగవు. టార్చి వెలుగులో బొడ్డు బిగించి కోసి, బిడ్డని తుడిచి, పొడిగుడ్డలో చుట్టి తల్లి రొమ్ము మీద పెట్టాక, బిడ్డ ఏడుపు కోసం అంతా ఊపిరి బిగబట్టే క్షణం ఒకటుంటుంది. ఏ రచయితా అంతకంటే గొప్ప సన్నివేశం కల్పించలేడు.

విశాఖ లాగ్ బుక్కు

ఈ ఊరు ఆపదని దగ్గర నుంచి చూసిన ఊరు. 1933లో రేవు తెరుచుకుంది. 1957లో రిఫైనరీ వచ్చింది. ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. అన్నం పెట్టిన ఈ మూడింటి చుట్టూ, వాటి బయటా కన్నీళ్లు కూడా ఉన్నాయి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై అంటుకున్న మంటల్లో 60 మంది దాకా పోయారు. 2012 జూన్ 13 రాత్రి ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ యూనిట్ పేలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని మెలిపెట్టింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వచ్చిన స్టైరిన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం వీధుల్లో నిద్రపోతున్నవాళ్లని కమ్మేసింది. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో పడవలు వరసగా తగలబడ్డాయి.

ఈ తేదీలన్నిటిలో మనకి గుర్తున్నది మంట, పొగ, మృతుల సంఖ్య. జనం బయటికి పరుగెడుతుంటే లోపలికి నడిచినవాళ్లు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. వెంకటాపురంలో ఇంటింటి తలుపూ తట్టి, స్పృహ తప్పినవాళ్లని చేతుల మీద ఎత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు. హుద్‌హుద్ మర్నాడు కూలిన చెట్లని రంపాలతో కోసి, ఒక్కో బండికి దారి చేసినవాళ్లు ఉన్నారు.

మా చిన్నప్పుడు ఏప్రిల్‌లో ఒకరోజు బడి మైదానంలోకి ఫైరింజన్ వచ్చింది. మా మాస్టారు అందర్నీ వరసలో నిలబెట్టారు. ఫైర్‌మన్ ఒకాయన గొట్టం విప్పి, ఇత్తడి మూతి నా చేతికిచ్చి, వెనక నుంచి తను కూడా పట్టుకున్నారు. "గట్టిగా పట్టుకో నాన్నా, వెనక్కి తంతాది" అన్నారు. నీళ్లు వచ్చిన క్షణంలో ఆ గొట్టం నిజంగానే బతికున్న జంతువులా తన్నింది. నా వీపు ఆయన ఛాతీకి ఆనింది. ఆయన కదల్లేదు. నేను ఫైర్‌మన్ కాలేదు, కానీ ఆ బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది.

ఏప్రిల్‌లోనే ఎందుకు వచ్చారో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో దూది బేళ్లు, పేలుడు పదార్థాలు కలిపి తెచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుని పేలింది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల కోసమే. ఒక రేవు కోసం చనిపోయినవాళ్ల జ్ఞాపకం మరో రేవు ఊరి పిల్లవాడి చేతికి గొట్టంగా అందింది. ఈ మాట ఆ రోజు మైదానంలో ఎవరైనా మాకు చెప్పి ఉంటే, మా వరసలో కనీసం ఇద్దరు ముగ్గురి జీవితాలు మరోలా ఉండేవని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక సీరియల్ కావాలి

అందుకే అడుగుతున్నాను. తెలుగులో ఒక సీరియల్ రావాలి. విశాఖలోనే తీయాలి. ఒక ఈఎంటీ, ఒక పైలట్, ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఫోన్ ఎత్తే ఒక అమ్మాయి అందులో ముఖ్య పాత్రలు కావాలి. వాళ్లకి ఇళ్లుండాలి, నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి బడికి వెళ్లిపోయిన పిల్లలుండాలి, జీతం తేదీ కోసం ఎదురుచూపులుండాలి. వాళ్ల కష్టం తెర మీద కనబడితే, వాళ్ల ఉద్యోగ భద్రత గురించి అడిగే గొంతులు కూడా పెరుగుతాయి.

సినాడర్ పెట్టుకున్న షరతే ఇక్కడా పెట్టుకుందాం. ఏ ప్రమాదమూ కల్పించనక్కర్లేదు. సూర్యాబాగ్ ఫైర్ స్టేషన్‌లో, రేవులో, ఉక్కు కర్మాగారంలో కాపలా కాసే సీఐఎస్ఎఫ్ ఫైర్ విభాగంలో, 108 కాల్ సెంటర్లో రాసిపెట్టినవి తెరిస్తే ఏళ్ల తరబడి సరిపడా కథలున్నాయి. సీపీఆర్ చేస్తే సరిగ్గా చేయాలి. అరచేతి మడమ ఛాతీ మధ్య ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండంగుళాల లోతు. అది ప్రతి వారం చూసిన పిల్లవాడు ఈఎంటీ కాకపోవచ్చు. కానీ ఏదో ఒకరోజు ఇంట్లో తాతయ్య కుప్పకూలితే వాడికి ఏం చేయాలో తెలుసు. 108కి ఫోన్ చేసి, ముందు చోటు చెప్పి, తర్వాత విషయం చెప్పి, వాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకుండా ఉండటం తెలుసు. గాయపడ్డవాణ్ని కూర్చోబెట్టకూడదని, నీళ్లు పట్టకూడదని గుంపుకి చెప్పడం తెలుసు.

మొదటి కథ గాజువాక జంక్షన్లో మొదలుపెట్టండి. రాత్రి తొమ్మిదిన్నర. షిఫ్టు బస్సులు, ట్రైలర్లు, జారిపడిన బైకు, గుమిగూడిన జనం. సైరన్ వినబడగానే కెమెరాని హీరో ముఖం మీదికి పోనివ్వకండి. రోడ్డు మీద మోకాళ్లూని, ఒక కుర్రాడి తలని కదలకుండా పట్టుకున్న ఆ రెండు చేతుల మీద నిలపండి. కొంచెం సేపు అక్కడే ఉంచండి. గుంపులో నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు చూస్తున్నాడు.